పెన్నా వంటి ఎండు నదికి నీటి నమూనా: మొదటి లెక్క నుంచి రబీ నిర్ణయం దాకా

పెన్నా కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు కాగా అందులో అధిక భాగం రాయలసీమలో ఉంది. అనంతపురం పరిసరాల్లో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరగా వాన పడుతుంది. అక్కడి ఎండకు, గాలికి ఆవిరి కాగల నీటి పరిమాణం దానికి మూడు రెట్లు దాటుతుంది. నీటి నమూనా అంటే ఇక్కడ వాన, ప్రవాహం, నిల్వ, వాడకం ఒకదానినొకటి ఎలా మారుస్తాయో లెక్కించి చూపే పద్ధతి. ఇలాంటి నదికి గోదావరి కోసం కట్టిన నమూనాను తెచ్చి అంకెలు మార్చి వాడుకోవడం సాధ్యం కాదు. ఎందుకంటే ఇక్కడ ఏడాదిలో చాలా రోజులు ఏట్లో ప్రవాహం సున్నా, నీటిలో పెద్ద వాటా చెరువుల్లోను రాతి పగుళ్లలోను ఉంటుంది, తుపాను వెంట వచ్చిన ఒక్క వాన అనేక ఏళ్ల సగటును మార్చివేస్తుంది.

నీటి నమూనా నిర్మించదలచిన ఇంజనీర్లు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, పరిశోధక విద్యార్థులు ఈ పనిని ఏ క్రమంలో చేస్తే బాగుంటుందో, ఎక్కడ జాగ్రత్తపడాలో వివరించడానికి పెన్నాను ఉదాహరణగా తీసుకుంటున్నాను. నా దృష్టిలో ఎండు నదీ ప్రాంతపు నమూనా తప్పనిసరిగా చేయవలసిన పని ఒకటుంది. ఒకచోట ఆపిన నీరు, తోడిన నీరు, పొదుపు చేశామనుకున్న నీరు ఇంకెక్కడ ఎవరి వాటాలో తగ్గిందో అది తేల్చి చూపాలి. ఆ పని చేయలేని నమూనా ఎంత సూక్ష్మమైనదైనా ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు.

ప్రశ్న ముందు, సాఫ్ట్‌వేర్ తరువాత

నమూనా ఏ నిర్ణయానికి పనికి రావాలో ఒకే వాక్యంలో రాసుకోండి. "ఈ రబీలో ఈ మండలంలో బోర్ల కింద ఎన్ని ఎకరాల వరి వేయవచ్చు" అన్నది ఒక ప్రశ్న. "పెన్నా ఉపనది చిత్రావతి ఎగువ వంకల మీద మరికొన్ని చెక్‌డ్యాములు కడితే దిగువ చెరువులు ఎన్నేళ్లకొకసారి మరవ (అలుగు) పారతాయి" అన్నది మరొక ప్రశ్న. "వరుసగా రెండేళ్లు వాన తప్పితే తాగునీటికి జలాశయంలో ఎంత నిల్వ ఉంచాలి" అన్నది ఇంకొకటి. మొదటి ప్రశ్నకు గ్రామ స్థాయిలో భూగర్భజలాల లెక్క సరిపోతుంది. దానికి నది అంతటి నమూనా అక్కర లేదు. రెండవదానికి రోజువారీ వాన, చెరువుల గొలుసు తప్పవు. మూడవదానికి నెలవారీ లెక్క చాలుతుంది గాని కనీసం ముప్పయి ఏళ్ల వాన వివరాలు కావాలి.

ప్రశ్న తేలిన తరువాత సాధనం ఎంపిక తేలికవుతుంది. వాన, నేల, పంట, ప్రవాహాల సంబంధాన్ని రోజువారీగా లెక్కించడానికి అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు రూపొందించిన స్వాట్ ఉచితంగా దొరుకుతుంది, దానిని పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌తో కలిపి నడపవచ్చు. ఎవరికి ముందు నీరివ్వాలి, ఏ జలాశయం నుంచి ఎంత వదలాలి వంటి పంపిణీ ప్రశ్నలకు స్టాక్‌హోమ్ పర్యావరణ సంస్థ వారి వీప్ అనువైనది. భూగర్భజలాల కదలికను గడులు గడులుగా లెక్కించాలంటే అమెరికా భూగర్భ సర్వే సంస్థ వారి మోడ్‌ఫ్లో ఉంది. అయితే రాతి నేలల్లో దానికి కావలసిన వివరాలు మనకు చాలా అరుదుగా లభిస్తాయి కాబట్టి మొదటి ప్రయత్నంలోనే దాని జోలికి పోవద్దని నా సలహా. చిన్న ప్రాంతానికైతే స్ప్రెడ్‌షీట్ చాలు. దానిలో చేసిన లెక్కను ఊరివారికి వరుస వరుసగా చూపించగలగడం తక్కువ ప్రయోజనమేమీ కాదు.

ముందు కాగితం మీద పద్దు

నమూనాలోకి వెళ్లేముందు ఒక ఏడాది నీటి పద్దును చేతితో వేయండి. జూన్ 1 నుంచి మే 31 వరకు తీసుకుంటే నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఒకే ఏడాదిలో ఇముడుతాయి. పెన్నాకు ఇది ముఖ్యం: ఎగువ అనంతపురంలో ఎక్కువ వాన నైరుతి కాలంలో పడితే, దిగువ నెల్లూరులో అక్టోబరు, నవంబరు వానలదే పైచేయి. చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 1,000 ఘనపు మీటర్లు. ఒక టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలా తప్పులు అక్కడికక్కడే బయటపడతాయి.

పద్దులో ఒక వైపు వాన, బయటి నుంచి వచ్చిన నీరు. రెండవ వైపు ఆవిరి, పంటల వినియోగం, తాగునీరు, పరిశ్రమలు, దిగువకు పారినది. మిగిలిన తేడా చెరువుల్లో, జలాశయాల్లో, నేలలో, భూగర్భంలో నిల్వల మార్పు. పెన్నా విషయంలో బయటి నీటిని మరచిపోతే లెక్క మొత్తం తప్పుతుంది. తుంగభద్ర ఎగువ కాలువ ద్వారా నీరు పెన్నా అహోబిలం జలాశయానికి వస్తుంది. హంద్రీ-నీవా, తెలుగుగంగ కాలువల ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణా నీరు వస్తుంది. కర్నూలు-కడప (కేసీ) కాలువ ఆయకట్టు నుంచి జారిన నీరు ఉపనది కుందూలో కలిసి పెన్నాకు చేరుతుంది. పెన్నా మీది సోమశిల జలాశయం నుంచి కండలేరు జలాశయానికి, అక్కడి నుంచి చెన్నైకి నీరు వెళ్తుంది. కాబట్టి నెల్లూరు దగ్గర కొలిచిన ప్రవాహాన్ని చూసి, "ఈ పరీవాహక ప్రాంతపు వాన ఇంత నీటినిస్తుంది" అని తేల్చడానికి వీలులేదు. కాలువల విడుదల వివరాలు సేకరించి, దిగుమతి నీటిని తీసివేసి, ఎగువన వాడుకున్న నీటిని తిరిగి కలిపి, సహజ ప్రవాహాన్ని ముందు అంచనా వేయాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, ఒక్కొక్కసారి నమూనా కట్టడం కంటే ఎక్కువ కాలం పడుతుంది, అయినా దీనిని దాటవేస్తే తరువాత వచ్చే ప్రతి ఫలితం సందేహాస్పదమే.

వివరాల సేకరణలో గమనించవలసినవి

భారత వాతావరణ శాఖ దేశమంతటికీ 0.25 డిగ్రీల గడులలో 1901 నుంచి రోజువారీ వాన వివరాలను అందిస్తుంది. మన ప్రాంతంలో ఒక్కో గడి సుమారు 27 కిలోమీటర్ల పక్క గల చతురస్రం. రాయలసీమలో ఒక ఊళ్లో వాన కురిసి పక్క ఊరు పొడిగా ఉండటం మామూలు కనుక, గడి సగటు పెద్ద వానలను చదును చేస్తుంది. వీలైనచోట మండల వర్షమాపకాల వివరాలతో దానిని సరిచేయండి. ఉదయం 8.30కు కొలిచిన వాన అంతకుముందటి 24 గంటలదన్న సంగతి మరిచి, తేదీని ఒక రోజు జరిపేవారు చాలామంది కనిపిస్తారు; చిన్న వంకల్లో వరద కొన్ని గంటల్లోనే వచ్చి పోతుంది కాబట్టి ఆ ఒక్క రోజు తేడాతో నమూనా ఎప్పటికీ కుదరదు.

ప్రవాహానికి కేంద్ర జలసంఘం తాడిపత్రి, చెన్నూరు, నెల్లూరు వంటి చోట్ల కొలతలు తీస్తుంది. వాటిని వాడేటప్పుడు సున్నాకు, ఖాళీకి ఉన్న తేడాను ప్రతి వరుసలో పరిశీలించండి. ఏరు ఎండిందని రాసిన సున్నా విలువైన సమాచారం. ఆ రోజు కొలవలేదు కాబట్టి వదిలిన ఖాళీ సమాచారం కాదు. ఈ రెండింటినీ కంప్యూటరు ఒకే విధంగా చదివితే, ఎండు నది మరింత ఎండుగానో మరింత తడిగానో కనిపిస్తుంది. ఇసుక ఏట్లో మరొక చిక్కు కూడా ఉంది: ప్రతి వరదకూ, ప్రతి ఇసుక తవ్వకానికీ ఏటి అడుగు మారిపోతుంది గనుక, నీటి మట్టాన్ని ప్రవాహంగా మార్చే పట్టిక ఏ ఏడాదిదో తెలుసుకోవాలి.

బావుల కొలతల్లో దాగి ఉండే మోసం ఇంకా సూక్ష్మమైనది. కరువు ఏడాదిలో పరిశీలక బావి పూర్తిగా ఎండిపోతే ఆ నెల అంకె ఖాళీగా మిగులుతుంది. మిగతా బావుల సగటు తీసినప్పుడు, అన్నిటికంటే దెబ్బతిన్న బావి లెక్కలో లేదు కాబట్టి నీటి మట్టం బాగుపడినట్లు కనబడుతుంది. ఎండిన బావికి కనీసం దాని అడుగు లోతును నమోదు చేసి, "దీనికంటే కింద" అని గుర్తు పెట్టండి.

బోర్లు ఎంత నీటిని తోడుతున్నాయో కొలిచే మీటర్లు దాదాపు ఎక్కడా లేవు. ఇక్కడ విద్యుత్ ఫీడరు లెక్క, అంటే బోర్లకు కరెంటునిచ్చే లైనులో ఖర్చయిన యూనిట్ల లెక్క, సాయపడుతుంది. ఒక ఘనపు మీటరు నీటిని 100 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతరీత్యా 0.27 యూనిట్లు చాలు. మోటారు, పంపు కలిసిన సామర్థ్యం 40 శాతమైతే 0.68 యూనిట్లు పడతాయి. అంటే వ్యవసాయ ఫీడరులో ఖర్చయిన ప్రతి యూనిట్‌కు సుమారు ఒకటిన్నర ఘనపు మీటర్లు. మోటార్ల సామర్థ్యం, నీటి లోతు ఊరూరికీ మారుతాయి గనుక కొన్ని బోర్ల వద్ద డ్రమ్ము, గడియారంతో నీటి ధారను స్వయంగా కొలిచి ఈ అంకెను సరిచూసుకోండి. సర్వే పత్రంలో రైతు చెప్పిన గంటలకంటే ఇది నమ్మదగినది. విద్యుత్ వేళల్లో మోటారు ఆగిన సమయం ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు.

వాన నుంచి ప్రవాహం

ఎండు ప్రాంతానికి నెలవారీ వానతో ప్రవాహాన్ని లెక్కించడం ఎందుకు కూడదో ఒక చిన్న ఉదాహరణ చాలు. పడిన వానలో ఎంత పారుతుందో అంచనా వేయడానికి నేల రకాన్ని, భూమి వాడకాన్ని బట్టి ఇచ్చే వక్రరేఖ సంఖ్యను (కర్వ్ నంబర్) 75గా తీసుకుందాం. 25,400ను దానితో భాగించి 254 తీసివేస్తే, నేల పట్టుకోగల నీరు 84.7 మిల్లీమీటర్లు వస్తుంది. అందులో ఐదో వంతు, అంటే 17 మిల్లీమీటర్ల దాకా, వాన చుక్క కూడా పారకుండా ఇంకిపోతుందని ఈ పద్ధతి భావిస్తుంది. వానలోంచి ఆ 17ను తీసివేసి వర్గం చేసి, వానకు నేల పట్టుకునే నీటిలో 0.8 వంతు కలిపి వచ్చిన మొత్తంతో భాగించాలి. రోజుకు 30 మిల్లీమీటర్ల వానకు పారే నీరు సుమారు 1.75 మిల్లీమీటర్లు. అదే 60 మిల్లీమీటర్లు ఒక్క రోజున పడితే 14.5 మిల్లీమీటర్లు. వాన రెండు రెట్లయితే పారుదల ఎనిమిది రెట్లు దాటింది. నెల మొత్తం 60 మిల్లీమీటర్లని మాత్రమే తెలిసినవారికి, అది పదును వానగా నాలుగు దఫాలు పడిందా, కట్టలు తెంచే వానగా ఒక్క రాత్రి పడిందా తెలియదు. చెరువు నిండటానికీ నిండకపోవడానికీ ఆ తేడాయే కారణం.

ఐదో వంతు (0.2) అన్నది కూడా అన్ని నేలలకూ వర్తించదు. భారతీయ నేల సంరక్షణ పద్ధతుల్లో తడిసిన నల్లరేగడికి 0.1, ఇతర నేలలకు 0.3 వాడటం ఆనవాయితీ. కుందూ లోయ నల్లరేగడికీ, ఎగువ పెన్నా ఎర్రనేలలకూ ఒకే విలువ వేయవద్దు. నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి తొలి వానలను మింగుతుంది, తడిసి మూసుకున్న తరువాత దాదాపు నీరింకనివ్వదు. ఒకే పొలం జూన్‌లో ఒక రకంగా, అక్టోబరులో మరొక రకంగా ప్రవర్తించేలా నమూనాలో నేల తేమను రోజురోజుకూ మోసుకుపోవాలి.

చెరువులను వదిలేసిన నమూనా రాయలసీమకు చెల్లదు

విదేశీ సాఫ్ట్‌వేర్లను ఎక్కువగా వాన, వాగు, పెద్ద జలాశయాలను దృష్టిలో పెట్టుకుని కట్టారు. మనకు వాటి మధ్య వేల కొద్దీ చెరువులు, కుంటలు ఉన్నాయి. పైచెరువు మరవ పారితే కింది చెరువుకు నీరు. పైన పూడికతీసి లోతు పెంచితే, నిండటం ఆలస్యమై కింది చెరువుకు నీరు తగ్గుతుంది. చెరువులను విడివిడిగా చూపడం కష్టమైతే, ఒక ఉప పరీవాహక ప్రాంతంలోని చెరువులన్నిటినీ కలిపి కొన్ని పెద్ద తొట్లుగా చూపవచ్చు; కానీ గొలుసులో పై, నడిమి, కింది చెరువులను కనీసం మూడు వేర్వేరు తొట్లుగా ఉంచితేనే ఎవరు ఎవరి తరువాత నిండుతారో కనిపిస్తుంది.

చెరువు నిండుదల చరిత్రకు ఉపగ్రహ చిత్రాలు మంచి ఆధారం. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1980ల నుంచి 30 మీటర్ల స్పష్టతతోను, సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి 10 మీటర్ల స్పష్టతతోను ఉచితంగా లభిస్తాయి. నీటి విస్తీర్ణాన్ని వాటి నుంచి తీసి, కొన్ని చెరువుల్లో లోతు స్వయంగా కొలిచి విస్తీర్ణానికీ పరిమాణానికీ సంబంధం కట్టండి. ఆవిరిని తక్కువగా అంచనా వేయవద్దు: రోజుకు 6 మిల్లీమీటర్లయినా 120 రోజుల్లో 72 సెంటీమీటర్లు. సగటున ఒకటిన్నర మీటర్ల లోతున్న చెరువుకు అది దాదాపు సగం నీరు.

ఈ నేల మీద ఈ ఆలోచన కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను చెబుతుంది. నీరు తక్కువై సాగు భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం ఆ దోషాల్లో ఉన్నాయి. నీటి శాస్త్రం తెలిసిన వ్యక్తి ఉండాలన్నది అంగాలలో ఒకటి. మీ నమూనాలోని ప్రతి చెరువుకూ వచ్చే నీటికీ ఆయకట్టుకూ నిష్పత్తి వేసి పటం మీద రంగులద్దండి. ఆ మొదటి రెండు దోషాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కంటికి కనిపిస్తాయి. ఏ చెరువుకు ముందు మరమ్మతు చేయాలన్న చర్చ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

నేల కింది నీరు

పెన్నా ఎగువ భాగంలో అడుగున గ్రానైట్, నైసు వంటి గట్టి రాళ్లున్నాయి. పైన ఉన్న చివికిన రాతి పొరలోను, దాని కింద పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. ఇలాంటి పొరలో నీటి మట్టం మీటరు పెరిగితే, ఆ మీటరు మందంలో తోడుకోగలిగే నీరు నూటికి రెండు మూడు వంతులకు మించి ఉండకపోవచ్చు. ఉదాహరణకు 10 చదరపు కిలోమీటర్ల చిన్న వాటర్‌షెడ్‌లో మే నుంచి నవంబరు లోపల మట్టం 4 మీటర్లు పెరిగిందనుకోండి. 2 శాతం చొప్పున లెక్కిస్తే, నిల్వ పెరిగినది 8 లక్షల ఘనపు మీటర్లు. వరి హెక్టారుకు 12,000 ఘనపు మీటర్లు తాగుతుందనుకుంటే అది 66 హెక్టార్లకు సరి. నీరు పెట్టే వేరుశనగకు 5,000 అనుకుంటే 160 హెక్టార్లకు సరి. తాగునీటికీ, పశువులకూ, వచ్చే జూన్ ఆలస్యమైతే నిలిచే నిల్వకూ ముందు పక్కన పెట్టాలి గనుక, అసలు విస్తీర్ణం దీనికంటే తక్కువే.

వెయ్యి అడుగుల బోరులో నీరు పడితే ఆ ఊరికి కొత్త నీరు దొరికిందని భావించవద్దు. లోతు పగుళ్లు పై పొర నుంచే నిండుతాయి, నిండటానికి ఏళ్లు పట్టవచ్చు, పక్క రైతు బోరుతో కలిసి ఉండవచ్చు. నమూనాలో పై పొరను, పగుళ్ల పొరను రెండు తొట్లుగా చూపి, ఒకదాని నుంచి మరొకదానికి నెమ్మదిగా నీరు జారేటట్లు పెడితే మొదటి ప్రయత్నానికి చాలు. పై పొర ఎండినప్పుడు వంకలకు ఊట ఆగిపోయేటట్లు కూడా చూపాలి. కొన్ని దశాబ్దాల కిందట వానలు వెళ్లిన తరువాత కూడా నెలల తరబడి పారిన వంకలు ఇప్పుడు వరద రోజునే పారడానికి కారణం ఎక్కువగా ఇక్కడే ఉంది. బోర్లు లేని నమూనా ఆ మార్పును వాన మీదకు నెడుతుంది.

డ్రిప్, చెక్‌డ్యాము: పొదుపు ఎవరిదో తేల్చండి

నమూనాతో ఎక్కువగా పరీక్షించే ప్రతిపాదన బిందు సేద్యం. ఇక్కడే పొరపాటుకు అవకాశం ఎక్కువ. ఒక రైతు కాలువ పారకంతో 100 పాళ్ల నీరు తోడుతున్నాడని, అందులో 60 పైరు వాడుకుంటుందని, 10 పాళ్లు వృథాగా ఆవిరవుతాయని, 30 పాళ్లు తిరిగి నేలలోకి ఇంకి కింది బావికి చేరుతాయని అనుకుందాం. డ్రిప్ వేసిన తరువాత 70 పాళ్లు తోడితే చాలు: పైరుకు 60, ఆవిరికి 5, ఇంకేది 5. తోడకంలో 30 పాళ్లు తగ్గాయి. కానీ పరీవాహక ప్రాంతం కోల్పోయే నీరు 70 నుంచి 65కు మాత్రమే తగ్గింది. నిజమైన ఆదా 5 పాళ్లే.

ఇప్పుడు అదే రైతు మిగిలిన నీటితో మరింత చీనీ తోట వేసి, మళ్లీ 100 పాళ్లు తోడితే, శాశ్వతంగా పోయే నీరు 93 పాళ్లకు చేరుతుంది, ఇంకేది 7కు పడిపోతుంది. ఆ రైతు ఆదాయం పెరిగింది. అందులో తప్పు లేదు, ఆ ఎకరాల మీద ఒక కుటుంబం నిలబడింది. అయితే కింది బావి రైతుకు 23 పాళ్ల నీరు తగ్గింది, ఎందుకు తగ్గిందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుకే నమూనాలో తోడకాన్ని, వినియోగాన్ని, తిరిగి ఇంకేదాన్ని మూడు వేర్వేరు గడుల్లో ఉంచడం తప్పనిసరి. డ్రిప్‌ను పరీక్షించేటప్పుడు సాగు విస్తీర్ణం స్థిరంగా ఉన్న సందర్భాన్ని, పెరిగిన సందర్భాన్ని విడివిడిగా నడిపి రెండు ఫలితాలనూ పక్కపక్కన ఇవ్వండి. ఒక్కదానిని మాత్రమే చూపడం రైతులకు అన్యాయం.

చెక్‌డ్యాములకూ ఇదే పరీక్ష పెట్టాలి. వాన బాగున్న ఏడాది దిగువకు పోయి సముద్రంలో కలిసే నీటిలో కొంత ఆపుతాయి కాబట్టి ఎవరికీ నష్టం ఉండదు. వాన తక్కువైన ఏడాది పారిన కొద్దిపాటి నీటినంతా అవే పట్టుకుని కింది చెరువును ఖాళీగా ఉంచవచ్చు. సగటు ఏడాదికి మాత్రమే లెక్కించిన నివేదికలో ఈ నష్టం ఎక్కడా కనిపించదు. కరువు ఏళ్లను వేరుగా చూపితేనే తెలుస్తుంది.

సరిచూడటం

నమూనా అంకెలను కొలతలతో పోల్చేటప్పుడు 1970 నుంచి వాడుకలో ఉన్న నాష్-సట్‌క్లిఫ్ సామర్థ్యాన్నే చాలామంది చూస్తారు. అది తేడాల వర్గాల మీద ఆధారపడింది గనుక రెండు మూడు పెద్ద వరదలు కుదిరితే మంచి మార్కులు వేస్తుంది. నది ఎన్ని రోజులు ఎండిందో దానికి పట్టదు. పెన్నా వంటి నదికి ఏడాదిలో ప్రవాహం లేని రోజుల సంఖ్య, మొత్తం పరిమాణంలో తేడా, చెరువుల విస్తీర్ణం, బావి మట్టాల పెరుగుదల, వీటన్నిటినీ కలిపి చూడండి. ప్రవాహం సరిపోయి బావి మట్టాలు సరిపోకపోతే, ఒక తప్పు మరొక తప్పును కప్పిందని అర్థం.

తడి ఏళ్లతో అమర్చి కరువు ఏళ్లతో పరీక్షించండి, తరువాత తారుమారు చేసి చూడండి. 2002, 2018 వంటి కరువు ఏళ్లు, 2020 తరువాతి వానల ఏళ్లు ఇందుకు పనికొస్తాయి. కొన్ని రోజులను మాత్రం పూర్తిగా పక్కన పెట్టాలి. 2021 నవంబరు 19న పెన్నా ఉపనది చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. ఆ రోజు దిగువన పారిన నీటిలో జలాశయం ఖాళీ అయిన నీరు కూడా ఉంది కాబట్టి, దానిని వానకు ప్రతిస్పందనగా భావించి నమూనాను అమర్చితే నేల గుణాలన్నీ వక్రీకరిస్తాయి.

ఏ కాలపు వివరాలతో లెక్కిస్తున్నామన్నది చివరి ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అమెరికాలో కొలరాడో నది నీటిని 1922లో రాష్ట్రాల మధ్య పంచినప్పుడు ఆధారంగా తీసుకున్న కాలం అసాధారణంగా తడిగా ఉండింది. నదిలో లేని నీటిని పంచుకున్న ఆ ఒప్పందపు భారం ఇప్పటికీ అక్కడి ప్రజలు మోస్తున్నారు. మనకు కృష్ణా పంపకాల వల్ల 75 శాతం విశ్వసనీయత, అంటే నూటికి 75 ఏళ్లు దొరుకుతుందని నమ్మదగిన నీరు, అన్న మాట పరిచితమే. ఎండు నదిలో దానితో పాటు 90 శాతం విశ్వసనీయత గల నీటిని కూడా చెప్పండి, ఎందుకంటే తాగునీరు పదేళ్లలో రెండు మూడేళ్లు తప్పిపోవడాన్ని ఏ ఊరూ భరించదు. అన్నట్టు, తాగునీటికి కావలసినది ఎంతో తక్కువ: జల్ జీవన్ మిషన్ ప్రమాణమైన మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున లక్ష మందికి ఏడాదికి 20 లక్షల ఘనపు మీటర్లు, అంటే 0.07 టీఎంసీ. నష్టాలను కలిపి రెండింతలు చేసినా అది చిన్న అంకెయే. పంపిణీ వరుసలో దానిని అన్నిటికంటే పైన పెట్టి, దానికి గండి పడే ఏ ప్రత్యామ్నాయాన్నీ అంగీకరించవద్దు.

నమూనా నుంచి రబీ నిర్ణయానికి

2000ల దశకంలో అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను నిర్వహించుకునే ఒక పథకం నడిచింది. రైతులు తమ ఊళ్లో వర్షమాపకం చదివారు, బోరు మట్టాలు కొలిచారు, రబీ విత్తనానికి ముందు కూర్చుని ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని పద్దు వేసుకున్నారు. ఫలానా పంట వేయకూడదని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లోటు అంకె అందరి ముందూ ఉన్నప్పుడు ఎవరి పంట వారు ఎంచుకున్నారు. మీ నమూనా ఫలితాలు ఆ సమావేశానికి అందే రూపంలో, అందే సమయానికి ఉండాలి. జనవరిలో వచ్చిన అద్భుతమైన నివేదిక కంటే అక్టోబరు చివర వచ్చిన ఉజ్జాయింపు అంకె మేలు.

ఫలితాన్ని ఒకే సంఖ్యగా చెప్పకండి. నేల గుణాలు, తోడకం, ఊట వంటి విలువలను వాటి అవకాశపు పరిధిలో అటూఇటూ మారుస్తూ నమూనాను అనేకసార్లు నడిపి, "ఇన్ని ఎకరాల వరి వేస్తే పదేళ్లలో ఆరేళ్లు మార్చిలోనే బోర్లు తగ్గుతాయి, ఆరుతడి పంటలైతే పదేళ్లలో రెండేళ్లు" అన్న పద్ధతిలో చెప్పండి. అలా చెబితే ఎంత సాహసం చేయాలో రైతే నిర్ణయించుకోగలడు. వాతావరణ మార్పుకు కూడా ఇదే పద్ధతిని వాడవచ్చు. మొత్తం వానను పది శాతం తగ్గించి ఒకసారి, మొత్తం మార్చకుండా తక్కువ రోజుల్లో ఎక్కువ పడేటట్లు చేసి ఒకసారి నడపండి. రెండవదానిలో చెరువులు బాగా నిండి బోర్లు వెనకబడటం కనిపించవచ్చు. అప్పుడు చెరువు నీటిని పైరుకు పారించాలా, నేలలోకి ఇంకించాలా అన్న ప్రశ్న ఊరి ముందుకు వస్తుంది.

ప్రతి ఏటా, వానలు ముగిసి బావుల మట్టాలు కొలిచిన వారంలోపే, గత ఏడాది నమూనా చెప్పినదీ నిజంగా జరిగినదీ పక్కపక్కన పెట్టి ఒక పుటలో రాసి పంచాయతీ కార్యాలయంలో అతికించండి. ఏ చెరువు దగ్గర తేడా ఎక్కువగా వచ్చిందో ఆ చెరువు నీరు పంచే నీరుకట్టె మనిషిని, ఆయకట్టు రైతులను అడిగితే, మీ పటంలో లేని పంటకాలువో, తూముకు పడిన గండో, కొత్తగా వేసిన బోర్ల వరుసో బయటపడుతుంది. దానిని చేర్చి, పాత రూపాన్ని చెరపకుండా తేదీతో భద్రపరచి, కొత్త రూపంతో ఆ ఏటి రబీ పద్దు మొదలుపెట్టండి.